బీరు మానేసి వైన్ తాగుతున్నారా? ఒకసారి లెక్క చూడండి

నలభై దాటిన నా ఫ్రెండ్స్‌లో చాలామంది ఈమధ్య ఒకటే మాట చెప్తున్నారు, బీరు మానేశాం, ఇప్పుడు వైన్ మాత్రమే అని. పొట్ట వస్తోందనో, యూరిక్ యాసిడ్ పెరిగిందనో, తాగాక కడుపు ఉబ్బరంగా ఉంటోందనో, కారణం ఏదైనా గానీ దాన్ని తాగుడు తగ్గించినట్టే జమ వేసుకుంటున్నారు. నేను కూడా బీరు నుంచి వైన్ వైపు జరిగినవాణ్ణే, రెండూ ఇష్టమే, రెండూ ఇప్పటికీ తాగుతాను. కానీ తగ్గిందా లేదా అన్నది మాత్రం లెక్క వేస్తేనే తెలుస్తుంది, ఆ లెక్క చాలామంది వెయ్యట్లేదు.

5 శాతం బీరు, 500 మి.లీ. డబ్బా ఒకటి తీసుకోండి. అందులో ఆల్కహాల్ 25 మి.లీ., బరువులో చూస్తే 20 గ్రాములకి కాస్త తక్కువ, ఎందుకంటే ఆల్కహాల్ నీళ్లకంటే తేలిక. ఇప్పుడు 14 శాతం రెడ్ వైన్ చూద్దాం. 150 మి.లీ. పోసుకుంటే పదహారు పదిహేడు గ్రాములు, 200 పోసుకుంటే 22. అంటే కాస్త ధారాళంగా పోసుకున్న ఒక్క గ్లాసు వైన్ అంత పెద్ద బీరు డబ్బాని దాటేసింది. ఇద్దరు కలిసి 750 మి.లీ. బాటిల్ ఖాళీ చేస్తే మనిషికి 40 గ్రాముల పైనే, అంటే చెరో రెండు పెద్ద డబ్బాలు. బీరు అయితే రెండో డబ్బా ఓపెన్ చేసేటప్పుడు చేతికి తెలుస్తుంది, కడుపు కూడా నిండుతుంది, వైన్‌లో ఆ రెండూ ఉండవు, మాటల్లో పడి ఎవరో ఒకళ్లు నింపుతూనే ఉంటారు.

గ్లాసు సంగతి అయితే ఇంకా ఘోరం. ఇంట్లో కొలత కప్పు ఉంటే 150 మి.లీ. నీళ్లు కొలిచి మీ పెద్ద వైన్ గ్లాసులో పోసి చూడండి. అడుగున ఎక్కడో ఉంటుంది, బొజ్జ వెడల్పైన చోటికి కూడా రాదు, "ఇంతేనా" అనిపిస్తుంది. నేను పోసి చూశాక చిన్న గ్లాసులకి మారిపోయాను, ఎందుకంటే పెద్ద గ్లాసులో సరైన కొలత పోస్తే ఎప్పుడూ తక్కువ పోసినట్టే కనిపిస్తుంది, కంటితో రోజూ పోట్లాడటం ఎందుకు. కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2017లో బి.ఎం.జె. అనే వైద్య పత్రికలో ఒక లెక్క ఇచ్చారు, ఇంగ్లాండ్‌లో 1700 ప్రాంతంలో వైన్ గ్లాసులో సగటున 66 మి.లీ. పట్టేదట, ఇప్పుడు 449 మి.లీ. పడుతుందట! గ్లాసు నిండా ఎవరూ పోసుకోరు, నిజమే, కానీ సగం పోసుకున్నా ఎక్కడికి వచ్చామో చూడండి.

ఇదంతా పాతికేళ్ల వయసులో అయితే పెద్దగా పట్టించుకోనక్కర్లేదేమో, నలభైల్లోకి వచ్చాక శరీరమే మారిపోతుంది. కండ తగ్గుతుంది, కొవ్వు పెరుగుతుంది, దాంతో ఒంట్లో నీటి శాతం తగ్గుతుంది. ఆల్కహాల్ కొవ్వులోకి పెద్దగా వెళ్లదు, నీటిలోనే కలుస్తుంది, కాబట్టి అదే మనిషి, అదే బరువు, అదే గ్లాసు అయినా రక్తంలో మోతాదు ముందుకంటే ఎక్కువ ఉంటుంది. ఆడవాళ్లలో మామూలుగానే నీటి శాతం తక్కువ కాబట్టి వాళ్లకి ఇంకా త్వరగా తెలుస్తుంది, దానికి తోడు మెనోపాజ్ దగ్గరపడే రోజుల్లో ఒంట్లోంచి వేడి ఆవిర్లు వచ్చేవాళ్లలో కొందరికి ఒక్క గ్లాసు వైన్‌తోనే అవి మొదలవుతాయి. "నాకు ముందు ఇలా ఉండేది కాదు" అని ఎవరైనా అంటే అది భ్రమ కాదు, నిజంగానే అలా ఉండేది కాదు.

నాకు అన్నిటికంటే బాగా అర్థమైంది నిద్ర విషయం. తాగి పడుకుంటే నిద్ర వెంటనే పట్టేస్తుంది, అందుకే అది నిద్రకి మంచిదని చాలామంది నమ్ముతారు, తీరా రాత్రి రెండున్నరకో మూడింటికో కళ్లు తెరుచుకుంటాయి, నోరు ఎండిపోయి, గుండె కాస్త గట్టిగా కొట్టుకుంటూ, అక్కడ్నుంచి తెల్లారేదాకా దొర్లడమే. లివర్ గంటకి సుమారు ఏడు నుంచి పది గ్రాముల ఆల్కహాల్ మాత్రమే ఖర్చు చెయ్యగలదు, కాఫీ తాగినా చన్నీళ్ల స్నానం చేసినా ఆ స్పీడు పెరగదు. ఆ సగం బాటిల్, అంటే 40 గ్రాములు, పది గంటలకి ముగించారనుకుంటే అది పూర్తిగా దిగేసరికి సరిగ్గా ఆ రెండూ మూడూ అవుతుంది. రాత్రి మొదటి సగంలో కలల నిద్రని ఆల్కహాల్ అణిచిపెడుతుంది, అది దిగిపోయాక రెండో సగంలో నిద్ర ముక్కలు ముక్కలవుతుంది, పైగా మూత్రాన్ని ఆపి ఉంచే హార్మోన్‌ని కూడా తగ్గిస్తుంది కాబట్టి లేవాల్సి వస్తుంది. అందుకే నా దృష్టిలో నడివయసులో ఎంత తాగాం అన్నదానితో సమానంగా ఎన్నింటికి ఆపాం అన్నది ముఖ్యం. సాయంత్రం ఏడింటికి భోజనంతో తాగిన గ్లాసూ, రాత్రి పదకొండింటికి టీవీ ముందు తాగిన గ్లాసూ ఒకటి కావు, మొదటిది నిద్రకి ముందే చాలావరకు అయిపోతుంది.

బీరు మానడానికి అసలు కారణమే లేదని నేను అనట్లేదు. గౌట్, అంటే యూరిక్ యాసిడ్ పేరుకుని కీళ్లు వాచి నొప్పి పెట్టే జబ్బు ఉన్నవాళ్లకి ఉంది. బీరులో ప్యూరిన్లు ఉంటాయి, అవి యూరిక్ యాసిడ్‌గా మారతాయి. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన స్టడీలో 47 వేలమంది మగవాళ్లని పన్నెండేళ్లు గమనిస్తే గౌట్ రిస్క్ బీరుతో ఎక్కువ పెరిగింది, మితంగా తాగిన వైన్‌తో పెరగలేదు. కానీ ఇప్పటికే గౌట్ ఉన్నవాళ్లలో వైన్ కూడా నొప్పిని తిరగబెట్టించగలదు, కాబట్టి వాళ్లకి కూడా అది ఫ్రీ పాస్ కాదు.

గుండెకి మంచిదని తాగేవాళ్ల గురించి మాత్రం నాకు నిజంగా బాధగా ఉంటుంది. 1990ల మొదట్లో, ఫ్రెంచివాళ్లు అంత కొవ్వు తిన్నా వాళ్లకి గుండెజబ్బులు తక్కువ, కారణం రెడ్ వైన్ అని బాగా ప్రచారం జరిగింది, అది ఇప్పటికీ పోలేదు. ఆ రకం స్టడీల్లో చాలావాటికి ఒక పెద్ద లోపం ఉంది, తాగనివాళ్ల లిస్టులో ఆరోగ్యం పాడై మానేసినవాళ్లు కూడా కలిసిపోయారు, వాళ్ల పక్కన మితంగా తాగేవాళ్లు ఆరోగ్యంగా కనిపించక ఏమవుతారు. ఆల్కహాల్ క్యాన్సర్ కారకం అని 1988లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి గ్రూపులో, అంటే క్యాన్సర్ తెస్తుందని గట్టిగా తేలినవాటిలో పెట్టింది, పూర్తిగా సేఫ్ అనదగ్గ మోతాదు ఏదీ లేదని డబ్ల్యూహెచ్‌ఓ 2023లో చెప్పింది. బ్రిటన్ వాళ్ల సలహా వారానికి 14 యూనిట్లు దాటొద్దని, యూనిట్ అంటే 10 మి.లీ. ఆల్కహాల్, 14 శాతం వైన్ బాటిల్ ఒక్కదానిలోనే పదిన్నర యూనిట్లు ఉంటాయి. ఇష్టం కాబట్టి తాగుతున్నా అనండి, అది నిజాయితీ గల కారణం, మందులాగా మాత్రం తాగొద్దు.

ఇప్పుడు నేను చేసేది చెప్తాను. కొనేముందు లేబుల్ మీద శాతం చూస్తాను, ముందు అదే చూస్తాను. జర్మనీ మోసెల్ నది దగ్గర చేసే రీస్లింగ్ అనే వైట్ వైన్‌లో కాబినెట్ రకం ఎనిమిది తొమ్మిది శాతమే ఉంటుంది, కాస్త తీపి, దానికి సరిపడా పులుపు, ఒక్క గ్లాసు చాలాసేపు వస్తుంది. ఇటలీ వైన్ మోస్కాటో ద ఆస్తి అయితే ఐదు ఐదున్నర, అంటే బీరంత. బీరు అయితే 330 మి.లీ. చిన్నది, అది కూడా ఎక్కువగా స్టౌట్ అనే నల్ల బీరు, మరీ చల్లగా కాకుండా ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట పెట్టి. మొదటి గుక్కలో చేదు తప్ప ఏమీ తెలియదు, పావుగంటయ్యాక అదే గ్లాసులో కాఫీ వాసన, మాడిన చక్కెర వాసన బయటికొస్తాయి, ఆ రెండో సగం కోసమే నేను మెల్లగా తాగుతాను. వైన్ బాటిల్ తెరవగానే సగం ఒక 375 మి.లీ. ఖాళీ సీసాలోకి మూతిదాకా నింపి, గాలి లేకుండా బిగించి ఫ్రిజ్‌లో పెట్టేస్తాను, నాలుగు రోజులు హాయిగా ఉంటుంది. తెరిచాం కదా పాడవుతుందేమో అని తాగెయ్యాల్సిన పని లేదు.

ఒక మాట సీరియస్‌గా. రోజూ ఎక్కువగా తాగే అలవాటు ఉండి, మానితే చేతులు వణుకుతున్నాయి, చెమటలు పడుతున్నాయి అంటే ఒక్కసారిగా ఆపకండి, ఫిట్స్ కూడా రావొచ్చు, డాక్టర్ పర్యవేక్షణలోనే ఆపాలి. అలాగే నిద్రమాత్రలు, బి.పి., షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టర్ దగ్గర తాగుతున్న సంగతి దాచకుండా చెప్పండి, ఈ వయసులో మందులు ఒక్కొక్కటే యాడ్ అవుతుంటాయి, తాగేది మాత్రం ఎవరూ చెప్పరు.

ఆల్కహాల్ లేని బీర్లు ఇప్పుడు చాలా బాగా వస్తున్నాయి, ఫ్రెండ్స్‌తో కూర్చున్నప్పుడు రెండో రౌండ్ నాకు ఎక్కువగా అదే. ఆల్కహాల్ తీసేసిన వైన్ మాత్రం నాకు ఇంకా నచ్చలేదు, వైన్‌కి నోట్లో ఆ నిండుదనం ఇచ్చేదాంట్లో ఆల్కహాల్‌ది చాలా భాగం, అది పోతే పల్చటి పుల్ల నీళ్లలా మిగులుతుంది. బుడగలు ఉన్న రకాలు కాస్త పర్వాలేదు, ప్రస్తుతానికి వాటితో సరిపెట్టుకుంటున్నాను.