కుడితి బకెట్ మీద గీతలు

శుక్రవారం. మొదటి పీరియడ్ అవగానే యాప్‌లో హాజరు ఎక్కించాను. ఈ నెల మధ్యాహ్న భోజనం ఇన్‌ఛార్జి నేనే. మా స్కూలు గోడలు మందం, లోపల సిగ్నల్ అందదు. మెట్ల దగ్గర కిటికీ పక్కన నిలబడి ఫోన్ బయటికి చాపితే గానీ చక్రం తిరగడం ఆగదు. పాత గుంటూరులో ఆ సందులో వెళ్ళేవాళ్ళకి, ఈవిడ రోజూ కిటికీలోంచి ఎవరికి ఫోన్ చూపిస్తోందా అనిపిస్తుందేమో.

యాప్ అడిగేది ఎక్కువేం కాదు. ఏ తరగతికి ఎంతమంది వచ్చారు, ఎంతమంది తింటారు, గుడ్లు ఎన్ని వచ్చాయి, ఎన్ని అయ్యాయి, చిక్కీలు ఎన్ని మిగిలాయి. వంట అక్క బిల్లు ఆ అంకెల మీదే వస్తుంది, బియ్యం ఎంత కావాలో అడిగే ఇండెంటు కూడా వాటి మీదే కదులుతుంది. కాబట్టి తప్పు పోకూడదు. అవసరమైన లెక్కలే, కాదనను. కాకపోతే అన్నం కంచంలో పడ్డాక ఏమైందన్నది వీటిలో ఎక్కడా ఉండదు. గరిటె ఎత్తిన చోటితోనే లెక్క ఆగిపోతుంది.

ఆ తర్వాతి కథ తెలిసిన మనిషి ఒకాయన ఉన్నాడు. గేదెలున్నాయి. సాయంత్రం టీవీఎస్ మీద వచ్చి మా కంచాల్లో మిగిలిన అన్నం, కడిగిన నీళ్ళు వాటికి కుడితిగా పట్టుకెళ్తాడు. ఏ రోజు రెండు బకెట్లు తేవాలో, ఏ రోజు ఒకటి చాలో ఆయనకి నోటికి వచ్చు. "శనివారం వచ్చినా దండగేనమ్మా, తీపి పొంగలి కదా, కడిగిన నీళ్ళే. శుక్రవారం మాత్రం నిండుద్ది" అన్నాడు ఒకసారి. మా స్కూలు భోజనం గురించి ఇంత సూటిగా చెప్పిన మాట ఏ మీటింగ్‌లోనూ వినలేదు. ఆ మాట పట్టుకునే తరగతికో బకెట్ పెట్టించి, లోపల మార్కర్‌తో గీతలు గీశాను. తూకం వేసే ఓపిక ఎవరికీ లేదు. ఏ గీత దాకా వచ్చిందో చూసి నోట్‌బుక్‌లో రాస్తే చాలు. ఎనిమిదో తరగతి పిల్లలకి ఇది ఆటయిపోయింది. వాళ్ళ బకెట్ కింది గీత దాటితే పరువు పోయినట్టు ఒకళ్ళ కంచంలోకి ఒకళ్ళు తొంగిచూస్తున్నారు. అలాంటి పోటీ పెట్టాలని నాకేం లేదు. కడుపు నిండినవాడు కూడా మాట పడతానని మింగుతాడు. ఆ సంగతి వాళ్ళకి ఇవాళ కాస్త గట్టిగానే చెప్పాను.

శుక్రవారం ఎందుకు నిండుతోందని అడిగితే మా హెచ్‌ఎం గారి సమాధానం సిద్ధంగా ఉంటుంది. "ఆకుకూర పప్పు మేడం. పిల్లలకి పడదు." సగం నిజమే. పోయిన వారం పాలకూర. ఇవాళ బండి మీద గోంగూర చవగ్గా దొరికిందని వంట అక్క గోంగూర పప్పు చేసింది. గుంటూరు పిల్లలకి గోంగూర పెట్టి తినండని బతిమాలాలా? వేళ్ళు కూడా నాకారు. యాప్‌లో మాత్రం పోయిన శుక్రవారం, ఈ శుక్రవారం ఒకటే: ఆకుకూర పప్పు. పైనుంచి చూసేవాళ్ళకి రెండు రోజులకీ తేడా ఎలా కనిపిస్తుంది? "పాలకూర పప్పు నా పిల్లలే తినరు మేడం గారూ, ఈళ్ళెందుకు తింటారు?" అంది వంట అక్క. ఆవిడని ఈ మెనూ గురించి ఇన్నేళ్ళలో ఎవరూ అడిగినట్టు లేరు.

గోంగూర రోజు కూడా ఏడో తరగతి బకెట్ మాత్రం పై గీత దాకా వచ్చింది. అక్కడ పప్పు తప్పేం లేదు. మా దగ్గర శుక్రవారం నమాజుకి వెళ్ళే మగపిల్లలు ఎక్కువ, అందులో ఏడో తరగతిలో ఇంకా ఎక్కువ. వాళ్ళు తిరిగొచ్చేసరికి అన్నం గడ్డకట్టి ఉంటుంది, గంట కొట్టడానికి పది నిమిషాలు కూడా ఉండదు. పంపు దగ్గర చేతులు కడుక్కోవడానికే అందులో సగం పోతుంది. నాలుగు ముద్దలు తిని లేచిపోతారు. ఇన్నాళ్ళూ ఆ నింద ఆకుకూర మోసింది.

వరుసలో ఎవరు ముందు, ఎవరు వెనక అనేది మిగతా రోజుల్లోనూ తేడా చేస్తోంది. ఆఖరున నిలబడే సెక్షన్ బకెట్ వారమంతా ఎక్కువే నిండుతోంది. మెనూ ఏదైనా సరే. ఆరో తరగతిది ఇంకో రకం. ఆరు నుంచి ఎనిమిది దాకా తలకి 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, ఏడున్నర గ్రాముల నూనె అని లెక్క. మొత్తం 700 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్ రావాలి. సగటుకి సరే. కానీ మొన్నటిదాకా ఐదో తరగతిలో ఉండి 100 గ్రాముల లెక్కలో తిన్న పిల్ల వేసవి సెలవులు దాటగానే 150 గ్రాముల పిల్ల అయిపోతుందా? అదే గరిటె, అదే ఒడుపు. ఆరో తరగతి చిన్నపిల్లలు సగం వదిలేస్తుంటే, మీసాలొస్తున్న ఎనిమిదో తరగతి వాళ్ళు రెండోసారి అడగడానికి మొహమాటపడుతున్నారు. ముందు తక్కువ పెట్టి మారు అడగమంటే రెండూ తీరతాయి. పైసా ఖర్చు లేదు. ఇది కనిపెట్టడానికి నోట్‌బుక్ కావాలా అంటే, కావాలి. ఊరికే చెబితే నా మాట, హెచ్‌ఎం గారి మాట, వంట అక్క మాట మూడు దారులు పోతాయి. బకెట్ మీద గీత చూపిస్తే ఎవరూ వాదించరు.

ఈ మధ్య సన్నబియ్యం వస్తున్నాయి, 2025 జూన్‌లో స్కూళ్ళు తెరిచినప్పటి నుంచి. అన్నం మెత్తగా ఉంటోంది, అందరూ ఒప్పుకునే మాట ఇది. పోషకాలు కలిపిన గింజల తంటా మాత్రం అలాగే ఉంది. ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి తయారుచేసిన గింజలు కదా అవి. మాకొచ్చిన బియ్యంలో వంద కిలోలకి కిలో చొప్పున కలిపి ఉంటాయి. చూడ్డానికి కాస్త తేడాగా ఉంటాయి. నీళ్ళలో తేలితే చాలు, "ప్లాస్టిక్ బియ్యం" అని ఏరి పారేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. కడిగేటప్పుడు వాటితోపాటు మందే పోతోంది. సంచి మీద ఉన్న ఐరన్ కంచం దాకా వచ్చిందో లేదో తెలియాలంటే బియ్యం కడిగే చోట నిలబడాలి. ఇవాళ నిలబడ్డాను. మా అక్క పారేయట్లేదు. కొత్తగా వచ్చిన సాయం మనిషి మాత్రం చేటలో ఏరుతోంది. చెప్పాను. "ఓహో మందా!" అని నవ్వి మళ్ళీ కలిపేసింది.

తినే వేళకి ఒక సంగతి. ఆరో తరగతి పిల్ల ఒకటి రోజూ గుడ్డు తినకుండా బాక్సు మూతలో దాచుకుంటోంది. ఎవరికే అని అడిగితే, "నాన్నమ్మకి పళ్ళు లేవు టీచర్, గుడ్డయితే నములుద్ది" అంది. ఒక గుడ్డులో ఆరు గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. అంటే ఈ పిల్లకి రావాల్సిన ఇరవైలో దాదాపు మూడో వంతు రోజూ నడిచి ఇంటికి వెళ్తోంది. యాప్‌లో ఆ గుడ్డు ఖర్చయింది. స్కూల్లోనే తినాలి అని నిబంధన చెప్పొచ్చు. నాకు నోరు రాలేదు.

మా చిన్నప్పుడు బళ్ళో అన్నం వండేవాళ్ళు కాదు. 1995 ఆగస్టు 15న కేంద్రం పథకం మొదలుపెట్టాక చాలా రాష్ట్రాల్లాగే మాకూ నెలకి మూడు కిలోల బియ్యం ఇచ్చేవాళ్ళు, హాజరు 80 శాతం ఉంటే. అమ్మ కుట్టిన గుడ్డ సంచి పట్టుకుని లైన్లో నిలబడేదాన్ని. ఆ మూడు కిలోలు ఇంటి డబ్బాలో కలిసిపోయేవి, ఇంటిల్లిపాదీ తినేవాళ్ళం. పిల్ల తినాల్సింది పిల్లే తినాలంటే వండి పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు చెప్పింది. కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల ప్రొటీన్, ఏడాదికి కనీసం 200 రోజులు. మన దగ్గర వండి పెట్టడం 2003లో మొదలైంది. ఇన్ని మారినా ఆ గుడ్డు మాత్రం మళ్ళీ ఇంటికే పోతోంది. ఇప్పుడు పథకానికి, ఆకలితో వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరుంది. ఆవిడ అరుగు మీద ఈ యాప్ పెట్టి, వచ్చినవాళ్ళని తరగతి వారీగా ఎక్కించమంటే ఏమనేదో!

మధ్యాహ్నం ఖాళీ పీరియడ్‌లో బయాలజీ సార్ పక్కన కూర్చున్నాను. వారానికోసారి పిల్లలకి నీలం రంగు ఐరన్ మాత్ర ఇచ్చే పని ఆయనది. ఆయన రిజిస్టరు ఆయనది, నా రిజిస్టరు నాది. రెండూ ఒకే బీరువాలో, ఒకే అరలో ఉంటాయి. ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఇవాళ పెట్టాం. మాత్ర వద్దని తల తిప్పుకునేవాళ్ళు, వికారమని చెప్పేవాళ్ళు ఎక్కువమంది తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలు. భోజనం దగ్గర పేరు లేనివాళ్ళూ చాలావరకు వాళ్ళే. బాక్సు తెచ్చుకుంటున్నారనుకుంటాం. కొందరు తెస్తారు. చాలామంది తేరు. కంచం పట్టుకుని వరుసలో నిలబడాలంటే సిగ్గు, అందులోనూ మగపిల్లల ముందు. పొద్దున్న ఇంట్లో పని చేసి టీ తాగి వస్తారు, మధ్యాహ్నం ఒక చిక్కీ, ఆపైన ఖాళీ కడుపు మీద 60 మిల్లీగ్రాముల ఐరన్. వికారం రాక ఏమొస్తుంది? 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతానికి రక్తహీనత ఉందని తేలింది. ఆ అంకె పేపర్లో చదివినప్పుడు ఎక్కడో ఏజెన్సీ ఊళ్ళ సంగతి అన్నట్టు చదువుతాం. మా తొమ్మిదో తరగతి చివరి బెంచీ వాళ్ళకి ఇంకో ఆరేళ్ళలో పెళ్ళిళ్ళవుతాయి.

"ఈ రెండు కాలమ్స్ పక్కపక్కన ఉండే యాప్ ఉంటే బాగుండేది మేడం" అన్నాడాయన. ఇంకో యాపా! దణ్ణం పెట్టాను. స్కేలు పెట్టి గీసిన తెల్లకాగితం చాలు.

హెచ్‌ఎం గారికి చూపించాను. మొత్తం చదివారు. చదివి కాగితం మడత పెట్టి నాకే ఇచ్చేశారు. "బావుంది. కానీ ఎవరికీ పంపకండి. ఇంత అన్నం మిగులుతోందని కాగితం మీద కనిపిస్తే, ఎందుకు మిగిలిందని ఎవరూ అడగరు. ఎక్కువ వండుతున్నారు కాబట్టి ఇండెంటు తగ్గించండి అంటారు. సమాధానం నేను రాయాలి." ఆయన భయంలో తప్పేం లేదు. వృథా అని రాస్తే సంజాయిషీ, రాయకపోతే ప్రశాంతత. అలా ఉన్నచోట అన్ని కాలమ్స్‌లోనూ సున్నాలే పడతాయి. అన్ని స్కూళ్ళ సున్నాలూ కలిపి పైన గ్రాఫ్ గీస్తే చక్కగానే వస్తుంది. బాగుచెయ్యడానికి అడిగే లెక్క, పట్టుకోవడానికి అడిగే లెక్క ఒకే ఫారంలో ఉంటే మొదటిదానికి నిజం దొరకదు. ఇది ఆయనకి చెప్పలేదు. చెప్పినా, "నిజమే మేడం, ఇంతకీ ఎవరికీ పంపకండి" అనేవారు.

అయితే లోపల చేసుకునేవాటికి ఒప్పుకున్నారు. శుక్రవారం నమాజుకి వెళ్ళేవాళ్ళ అన్నం, పప్పు విడిగా మూతపెట్టి ఉంచడం, వాళ్ళు తినేదాకా తర్వాతి పీరియడ్ టీచర్ ఏమీ అనకపోవడం. ఆ పీరియడ్ సోషల్ మేడమ్‌ది. ఆవిడతో మాట్లాడే పని మాత్రం నా నెత్తిన వేశారు. పాలకూర వచ్చిన రోజు పప్పులో టమాటాలు ఎక్కువ వెయ్యడం, వీలైతే నిమ్మకాయ పిండటం. పులుపు ఉంటే ఐరన్ ఒంటికి బాగా పడుతుందని బయాలజీ సార్, పులుపు ఉంటే తింటారని వంట అక్క. ఇద్దరికీ ఒకటే నిమ్మకాయ.

తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి కంచాలు పైగదిలో పెట్టిద్దామంటే హెచ్‌ఎం గారు కాసేపు ఆలోచించారు. "అలవాటైతే కిందికి దిగరు మేడం" అన్నారు. ముందు తిననివ్వండి సార్, దిగడం సంగతి తర్వాత చూద్దాం అన్నాను. ఒక నెల చూద్దాం అన్నారు. మాత్ర కూడా ఆ రోజు భోజనం అయ్యాకే, అక్కడే.

వరుస మార్పు సోమవారం నుంచి. ఆఖరున ఉండే సెక్షన్ మొదటికి, మొదటిది ఆఖరుకి, వారానికోసారి తిప్పడం. బోర్డు మీద రాసి వచ్చాను. ఆరో తరగతి 'ఎ' సెక్షన్ లీడరు అది చదివి అప్పుడే నా దగ్గరికి వచ్చింది, ఎప్పుడూ మేమే కదా టీచర్ ముందు అని. మీరు ఎప్పుడూ ముందే కాబట్టే అన్నాను. మొహం మాడ్చుకుని వెళ్ళింది. సోమవారం మిగతావాళ్ళని వెంటబెట్టుకుని వస్తుంది, నాకు తెలుసు.