మాలకొండలో ఒక శనివారం

మోకాలి ఆపరేషన్ తర్వాత తన కాళ్ల మీద తాను నడవగలిగితే మాలకొండ మెట్లెక్కి వస్తానని మా అమ్మ మొక్కుకున్న మొక్కు గత శనివారం తీరింది. తక్కిన ఆరు రోజులూ దేవతలకూ ఋషులకూ విడిచిపెట్టి, శనివారం ఒక్కరోజే మానవులకు దర్శనమిచ్చే స్వామి మాలకొండ నరసింహస్వామి కనుక, కందుకూరులో మేమెక్కిన బస్సు తెల్లవారకముందే కిక్కిరిసిపోయింది.

క్యూలో మూడు గంటలు నిలబడ్డాము. ముందు ముసలివారున్నారన్న ధ్యాస కూడా లేకుండా వెనుకనుంచి తోస్తూనే ఉన్నారు. నరసింహస్వామి ఎదుటికి వచ్చి కూడా తోపులాట మానకపోవడం చూస్తే నాకు ఇప్పటికీ బాధగానే ఉన్నది. అమ్మ కాలు వణకడం గమనించి, సేవకు వచ్చిన ఒక కాలేజీ అమ్మాయి "అమ్మమ్మా, నా భుజం పట్టుకోండి" అంటూ దగ్గరకు వచ్చి, గడప దాకా తన అడుగును అమ్మ అడుగుకు తగ్గించుకొని నడిచింది. హారతి వెలుగులో స్వామి ముఖం కనబడింది రెప్పపాటే అయినా, అమ్మ కళ్లు నిండాయి.

ఎంత లావాటివారైనా ఒదిగి బయటపడే రాతి చీలికలోంచి అమ్మవారి గుడికి కూడా వెళ్లి వచ్చి, అన్నదాన సత్రానికి చేరేసరికి రెండో బంతి లేస్తున్నది. మాలకొండలో ఒక్కో సామాజికవర్గానికి ఒక్కో సత్రం ఉన్నా, ఆకలితో వచ్చిన మమ్మల్ని మీరెవరని అడిగినవారు లేరు. అమ్మ కింద కూర్చోలేకపోవడం చూసి ఒకాయన స్టూలూ బల్లా తెచ్చి, విస్తరి వేసి, ముద్దపప్పులో నెయ్యి తానే వంచాడు.

గోడకున్న నల్లబల్ల మీద ఆ వారం బియ్యం, కందిపప్పు, కూరగాయలు ఇచ్చిన దాతల పేర్లు సుద్దతో రాసి ఉన్నాయి. కోత కాగానే ఇంటికి ధాన్యం చేరకముందే ఇక్కడికి రెండు బస్తాలు పంపే రైతులున్నారని వడ్డించేవారు చెప్పారు. వడ్డించేవారి పేర్లు మాత్రం ఆ బల్ల మీద లేవు. పొయ్యి సెగకు చొక్కాలు తడిసి, పొద్దుటినుంచి గుక్కెడు మజ్జిగతో ఉన్న ఆ మనుషులను దాతలలో లెక్కించకపోవడం నాకు న్యాయమనిపించలేదు.

అమ్మ చేయి కడుక్కొని నేరుగా వంటశాల వైపు నడిచింది. "నిలబడలేనుగానీ, కూర్చొని తరగగలను నాయనా" అని అడిగి, అదే స్టూలు మీద కూర్చొని, మా బస్సు వేళయ్యేదాకా మూడో బంతికి వంకాయలు తరుగుతూనే ఉన్నది.