డెబ్బై మూడు బంతుల తర్వాత

మా బావగారు క్రికెట్‌ను తప్ప మరో ఆటను ఆటగా ఒప్పుకోరు. కొవిడ్ పుణ్యమా అని 2020లో నెలల తరబడి టెక్సస్‌లోని మా ఇంట్లో చిక్కుబడిపోయిన ఆయన, అక్టోబర్ 27 రాత్రి నాతోపాటు టీవీ ముందు కూర్చుని బేస్‌బాల్ ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్ ఆరో ఆట చూశారు. ఆట జరుగుతున్న ఆర్లింగ్టన్ మాకు అరగంట దూరమే. టాంపా బే జట్టు పిచర్ (అంటే బంతి వేసేవాడు) బ్లేక్ స్నెల్ లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ బ్యాటర్లలో తొమ్మిదిమందిని స్ట్రైకౌట్ చేసి (మూడు స్ట్రైకులతో అవుట్ చేసి), ఒకే ఒక్క హిట్ ఇచ్చి, 1-0 ఆధిక్యాన్ని కాపాడుకుంటూ వస్తున్నాడు. ఒక్కో ఆటలో ఉండే తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఆరోదానిలో ఒకరు అవుటయ్యాక ఆస్టిన్ బార్న్స్ సింగిల్ కొట్టి మొదటి బేస్ చేరాడో లేదో, టాంపా బే మేనేజర్ కెవిన్ క్యాష్ డగౌట్ మెట్లెక్కి వచ్చేశాడు. తనను తీసేస్తున్నారని స్నెల్‌కు అప్పుడే అర్థమైపోయింది, ముఖం మాడిపోయింది. "వరసగా వికెట్లు తీస్తున్నవాణ్ణి ఎవరైనా ఆపుతారుటయ్యా?" అన్నారు బావగారు. అప్పటికి వేసినవి 73 బంతులేనని చెబితే, పన్నెండు ఓవర్ల ఒక బంతి అని లెక్కగట్టి మరింత ఆశ్చర్యపోయారు.

క్రికెట్‌లో బౌలర్‌ను ఆపడం చిన్న విషయం, ఎందుకంటే నాలుగు ఓవర్లు లాంగాన్‌లో నిలబెట్టి, అవసరమైతే మళ్లీ బంతి చేతికివ్వవచ్చు. బేస్‌బాల్‌లో తీసేసిన పిచర్ ఆ ఆటలోకి తిరిగి రాలేడు. పైగా 2020 నుంచి, కొత్తగా వచ్చిన పిచర్ గాయపడితే తప్ప కనీసం ముగ్గురు బ్యాటర్లకైనా బంతులు వేయాలి, లేదా ఆ ఇన్నింగ్స్ ముగించాలి. అందువల్ల పొరపాటు జరిగిందని తెలిసినా వెంటనే సరిదిద్దుకునే వీలుండదు.

క్యాష్‌ను మూర్ఖుడనడం తేలిక, కానీ నేనలా అనను. ఒకే పిచర్‌ను మూడోసారి ఎదుర్కొనేటప్పటికి బ్యాటర్లకు అతని బంతి కదలిక, వేగంలో తేడాలు కంటికి అలవాటవుతాయని, అందుకే మూడో విడతలో ఎక్కువ మంది పిచర్లు దెబ్బతింటారని ఏళ్ల తరబడి పోగైన అంకెలు చెబుతున్నాయి. తర్వాత రావలసిన మూకీ బెట్స్ సరిగ్గా మూడోసారి రాబోతున్నాడు. ఆ సీజన్‌లో స్నెల్ ఒక్కసారైనా ఆరు ఇన్నింగ్స్ పూర్తి చేయలేదు. అయితే బెట్స్‌తో పాటు అతని వెనుక వచ్చే కోరీ సీగర్, జస్టిన్ టర్నర్ ఆ రాత్రి రెండేసిసార్లు వచ్చి, ఆరుకు ఆరుసార్లూ స్ట్రైకౌటయ్యారన్నది కూడా అంకే కదా!

నా అభ్యంతరం స్నెల్‌ను తీసినందుకు కాదు, అతని స్థానంలో తెచ్చిన మనిషి విషయంలో. నిక్ ఆండర్సన్ ఆ ఏడాది లీగ్ దశలో గొప్పగా ఆడినా, ఆ రాత్రికి ముందు దిగిన ఆరు ఆటల్లోనూ వరసగా పరుగులిచ్చాడు. అలసిన పిచర్‌ను అతని మొదటి ఇన్నింగ్స్‌తో పోల్చి తూకం వేయడం పొరపాటని నా అభిప్రాయం. పోల్చవలసింది ఆ క్షణాన బుల్‌పెన్‌లో (మార్పు పిచర్లు సిద్ధమయ్యే చోట) చేయి వేడెక్కించుకుంటున్నవాడితో. ఆండర్సన్ రాగానే బెట్స్ డబుల్ కొట్టి రెండో బేస్ చేరాడు, ఆ వెంటనే క్యాచర్‌కు అందకుండా పోయిన బంతికి బార్న్స్ హోమ్ ప్లేట్ చేరి పరుగు చేశాడు, సీగర్ నేలబారుగా కొట్టిన బంతికి బెట్స్ కూడా పరుగెత్తి వచ్చేశాడు. 2-1. చివరికి 3-1తో గెలిచిన డాడ్జర్స్‌కు 1988 తర్వాత అదే తొలి టైటిల్. స్నెల్ వెళ్లిపోవడం తనకు ఊరటనిచ్చిందని బెట్స్ తర్వాత దాచుకోకుండా చెప్పాడు.

దీనికి సరిగ్గా తిరగేసిన తప్పు 2003 అక్టోబర్ 16న యాంకీ స్టేడియంలో జరిగింది. వరల్డ్ సిరీస్‌కు ఎవరు వెళతారో తేల్చే ఏడో ఆటలో బోస్టన్ పిచర్ పెడ్రో మార్టినెజ్ ఏడు ఇన్నింగ్స్ ముగించి, ఆకాశం వైపు వేలు చూపిస్తూ మైదానం దాటాడు. తన పని అయిపోయిందని అతను అనుకున్నట్టే కనిపించింది. ఆధిక్యం 5-2కు పెరిగినా మేనేజర్ గ్రేడీ లిటిల్ ఎనిమిదో ఇన్నింగ్స్‌కూ అతన్నే పంపాడు. న్యూయార్క్ యాంకీస్ బ్యాటర్లు డెరెక్ జీటర్ డబుల్, బర్నీ విలియమ్స్ సింగిల్ కొట్టి ఒక పరుగు వచ్చాక లిటిల్ పిచర్ నిలబడే దిబ్బ దగ్గరికి వెళ్లి, వేయగలవా అని పెడ్రోనే అడిగాడు. అంతటి పిచర్ అంతటి ఆటలో "లేదు" అంటాడా? వేస్తానన్నాడు, లిటిల్ వెనుదిరిగాడు. తర్వాతి బ్యాటర్ హిడెకి మత్సుయి ఎడమచేతివాటం, అలాంటివాళ్లకు సాధారణంగా ఎడమచేతి పిచర్‌ను ఎదుర్కోవడం కష్టం. ఆ అక్టోబర్‌లో నిలకడగా ఆడుతున్న ఎడమచేతి పిచర్ అలన్ ఎంబ్రీ బుల్‌పెన్‌లో సిద్ధంగా ఉన్నాడు. మత్సుయి, హోర్హే పొసాడా చెరో డబుల్ కొట్టి స్కోరు సమం చేశాక గానీ ఎంబ్రీకి పిలుపు రాలేదు. అప్పటికి పెడ్రో 123 బంతులు వేశాడు. పదకొండో ఇన్నింగ్స్‌లో యాంకీస్ ఆటగాడు ఆరన్ బూన్ హోమ్ రన్‌తో (మన సిక్సర్ లాంటిది) బోస్టన్ కథ ముగిసింది.

లిటిల్ ఒప్పందాన్ని బోస్టన్ పొడిగించలేదు. క్యాష్‌కు మాత్రం ఆ నవంబర్‌లోనే అమెరికన్ లీగ్ ఉత్తమ మేనేజర్ పురస్కారం ప్రకటించారు. దానికి ఓట్లు ప్లేఆఫ్‌లు (లీగ్ దశ తర్వాతి ఆటలు) మొదలుకాక ముందే పడతాయని చెబితే, బావగారు చాలాసేపు నవ్వారు.