గోంగూర మటన్ పక్కన బరోలో పెట్టి తప్పు చేశాం

ఇటాలియన్ వైన్ అంటే నాకు కియాంటీ ఒక్కటే తెలుసు, అది ప్రాంతం పేరని, ద్రాక్ష పేరేమో సాంజొవేసె అని మొన్నే తెలిసింది లెండి. పోయిన శనివారం ఇందిరానగర్‌లో మా బావ వాళ్ళింట్లో బరోలో అనే ఇటాలియన్ ఎర్ర వైన్ తీశాం. ఇటలీలోని పీడ్‌మాంట్ కొండల్లో పండే నెబ్బియోలో ద్రాక్షతో మాత్రమే చేస్తారు, కోత ఏడాది నవంబర్ నుంచి కనీసం 38 నెలలు నిల్వ ఉంచాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లోనే. రంగు చూస్తే పల్చగా ఉంది, నోట్లో పోసుకుంటే పచ్చి వక్క నమిలినట్టు నాలుక పట్టేసింది, "ఇంత డబ్బు పోసి వగరు కొన్నావేంట్రా" అన్నాడు బావ. గోంగూర మటన్‌తో అస్సలు కుదర్లా. తర్వాత అదే ప్రాంతపు బార్బెరా అనే ఇంకో వైన్ తీశాం, దానికి పులుపెక్కువ వగరు తక్కువ, గోంగూర పులుపుకి భలే నిలబడింది, సీసా ఎప్పుడు ఖాళీ అయిందో కూడా తెలీలా. ఈసారి సిసిలీలో ఎట్నా అగ్నిపర్వతం వాలు మీద పండే నెరెల్లో మాస్కలేజె ద్రాక్షతో చేసిన వైన్ వెతకాలి, బెంగళూరులో ఏ షాపులో దొరుకుద్దో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.