ఖాళీ కుర్చీకి దండ వెయ్యకండి

సెప్టెంబర్ మూడో శుక్రవారం దగ్గర పడితే అమెరికాలో బాంక్వెట్ హాళ్లలో పనిచేసే మనవాళ్లకి ఇంకో బల్ల అదనం. యుద్ధఖైదీలనీ, ఆచూకీ తెలియని సైనికులనీ తలుచుకునే రోజది, ఆ ఖాళీ బల్ల వాళ్ల కోసమే. పాకిస్తాన్‌తో 1971 యుద్ధం గెలిచిన డిసెంబర్ 16న, విజయ్ దివస్‌కి, బరంపురంలోనూ అలాంటి బల్ల పెట్టాలనుకునే తెలుగువాళ్ల కోసం ఈ వివరాలు.

గుండ్రటి బల్ల, ఒక్కరికి సరిపడేంతే. తెల్లగుడ్డ. సన్నటి వాజులో ఒకే ఎర్రగులాబీ, వాజుకి ఎర్రరిబ్బను. ప్లేటులో నిమ్మచెక్క, చిటికెడు ఉప్పు: మొదటిది వాళ్ల చేదు రాతకి, రెండోది ఇంటివాళ్ల కన్నీళ్లకి గుర్తు. బోర్లించిన గ్లాసు, కొవ్వొత్తి, ఖాళీ కుర్చీ. అక్కడ చాలాచోట్ల బైబిల్ కూడా పెడతారు, మనకి అక్కర్లేదు.

నిమ్మకాయ ముందే కోస్తే అంచులు ఎండిపోతాయి, జనం వచ్చే ముందు కొయ్యండి. తెల్ల ప్లేటులో సన్న ఉప్పు ఆనదు, కల్లుప్పు వెయ్యండి. కల్యాణమండపం ఫ్యాన్ల కింద కొవ్వొత్తి నిలవదు, గాజు చిమ్నీ తప్పదు. అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు సర్వీసు కుర్రాళ్లది: గ్లాసు తిరగేసి నీళ్లు పోసేస్తారు, లేదా కుర్చీ చాలలేదని దాన్నే లాక్కుపోతారు. వడ్డన దారికి దూరంగా, గుమ్మంలోంచి కనబడేలా బల్ల వేసి, ఒక మనిషిని అక్కడే ఉంచండి.

ఎవరి కోసం? 1971 యుద్ధంలో మనకి చిక్కిన దాదాపు 93 వేల మందిని తర్వాత పాకిస్తాన్‌కి పంపేశాం. వాళ్ల చెరలో ఉన్నారనుకున్న మన 54 మంది సంగతి మాత్రం తేలలేదు. 2007లో బంధువులు పాక్ జైళ్లకి వెళ్లి వెతికినా ఎవరూ దొరకలేదు.

మనవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. ఫొటో పెట్టగానే చెయ్యి దండ మీదికి పోతుంది. ఇంకా బొట్టు తియ్యని ఇల్లాలిని ముందు వరసలో కూర్చోబెట్టి, ఆమె భర్త ఫొటోకి దండేసి దీపం పెడితే ఎలా? ఫ్లెక్సీవాడు చెప్పకపోయినా అమరవీరుడని వేసేస్తాడు, ప్రూఫు చూసుకోండి. మౌనం పాటించాలంటే యుద్ధంలో చనిపోయినవాళ్ల కోసం వేరేగా పాటించండి.

2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి బయల్దేరి మాయమైన వాయుసేన విమానం ఏఎన్-32 సంగతి వేరు. అందులో ఉన్న 29 మందిలో ఎనిమిది మంది విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. శకలాలు 2024 జనవరిలో గానీ బయటపడలేదు, చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల అవతల, 3,400 మీటర్ల లోతున. ఆ ఇళ్ల నుంచి ఎవరైనా వస్తుంటే దండ వెయ్యాలో వద్దో ముందే ఫోన్ చేసి అడగండి. కర్మ చేసుకున్న ఇల్లయితే వెయ్యమంటారేమో, లేదంటే వద్దంటారు.