చెంబు, జాడీ, నాగపూర్ సంత్రా: పిల్లలతో స్థిరచిత్రం

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా, ఇటు సిరోంచ దాకా మరాఠీ బడుల్లో చదివే మన తెలుగు పిల్లలు ఏడో ఎనిమిదో తరగతికి వచ్చేసరికి చిత్రకళ గ్రేడ్ పరీక్షల ఊసు ఇంట్లోకి వస్తుంది. మహారాష్ట్ర కళా సంచాలనాలయం నడిపే పరీక్షలివి. ముందు ఎలిమెంటరీ, తర్వాత ఇంటర్మీడియట్. (ఎనిమిదో తరగతి పిల్ల ఇంటర్మీడియట్ రాస్తోందంటే కరీంనగర్ చుట్టాలు నోరెళ్లబెడతారు, అది వేరే సంగతి.) ఇంటర్మీడియట్ పాసైతే పదో తరగతిలో అదనపు మార్కులు కలుస్తాయి కాబట్టి తల్లిదండ్రుల చూపు అక్కడే ఆగుతుంది. పరీక్ష ముందు క్లాసులో చేర్పిస్తారు. మాస్టారు బోర్డు మీద వేసిన బకెట్టునే, గుమ్మడికాయనే అందరూ దించుకుంటారు. తీరా పరీక్ష గదిలో బల్లమీద వేరే వస్తువులు కనబడేసరికి చెయ్యి ఆడదు.

ఎదురుగా పెట్టిన వస్తువుల్ని చూసి వేసే బొమ్మనే స్థిరచిత్రం అంటారు. దీన్ని ఇంట్లోనే నేర్పొచ్చు. అందుకు మీకు బొమ్మలు వేయడం రానక్కర్లేదు, చూసి తప్పు పట్టుకోగలిగితే చాలు.

మూడు వస్తువులు, ఒక గుడ్డ తీసుకోండి. పొడుగుది ఒకటి, ఇత్తడి చెంబో మరచెంబో. పొట్టిగా బరువుగా కనిపించేది ఒకటి, ఆవకాయ జాడీ గానీ కల్వం గానీ. మూడోది పండో కాయో. సంత్రా, వంకాయ రెండూ మంచివే. అరటిపండు వద్దు, రెండోరోజుకి నల్లబడుతుంది. కొత్తిమీర, ఆకుకూర పెట్టాలనుకుంటే ముందు వాటికే రంగు వేయించండి, గంటలో వాడిపోతాయి. పట్టుబట్టి అన్నీ తెలుగింటి సామానే పెట్టొద్దు. అమ్మమ్మ పంపిన జాడీ పక్కన పక్కింటి కాకూ (మరాఠీలో పిన్ని) ఇచ్చిన రాగి తాంబ్యా, అంటే చెంబు, ఉంటే అదే పిల్లల అసలు ఇల్లు. గుడ్డ సాదాది కావాలి, పాత పంచె సరిపోతుంది. సోలాపూర్ చద్దరు మన పద్మశాలీల పనే అయినా దాని మీద డిజైను ఎక్కువ, మొదట్లోనే వద్దు.

బల్ల రెండడుగుల ఎత్తు, పిల్లలు కూర్చునే చోటు అయిదారడుగుల దూరం. వెలుతురు ఒక్క కిటికీ నుంచే రావాలి, కుడిచేతి వాటం పిల్లలకు ఎడమవైపు నుంచి. ట్యూబులైటు ఆర్పేయండి. రెండు వెలుగులుంటే ప్రతి వస్తువుకీ రెండు నీడలు పడి పిల్లలు తికమకపడతారు. వస్తువులు ఒకదాన్నొకటి కొంత కప్పాలి. రెంటి అంచులు సరిగ్గా తాకి ఆగిపోతే ఏది ముందో ఏది వెనకో బొమ్మలో తెలియదు.

దాదాపు అందరూ తప్పేది చెంబు మూతి దగ్గర. మూతి గుండ్రమని, అడుగు బల్లకు ఆని ఉందని బుర్రకు ముందే తెలుసు. అందుకే మూతిని బాగా గుండ్రంగా వేసి, అడుగున తిన్నటి గీత గీస్తారు. కంటికి కనబడేది అలా ఉండదు. కంటి ఎత్తుకు దగ్గరగా ఉన్న గుండ్రం సన్నగా, దానికన్నా కిందికి ఉన్నది వెడల్పుగా కనిపిస్తుంది. అంటే అడుగు వంపు మూతి వంపు కన్నా లోతుగా ఉండాలి. మూతి రెండు కొసలూ మొనదేలకూడదు, అక్కడ కూడా సన్నని మలుపు ఉంటుంది. ముందు నిలువుగా ఒక నడిమి గీత గీయించి, దానికి రెండువైపులా సమానంగా కొలిపించండి. తేడా పట్టాలంటే కాగితాన్ని తలకిందులు చేసి చూడండి, వంకర వెంటనే కనబడుతుంది. పెన్సిలుతో కొలిచేటప్పుడు ఒక కన్ను మూసి, చెయ్యి పూర్తిగా చాపాలి. మోచెయ్యి వంగిందంటే కొలత మారిపోతుంది.

కాగితం పావు ఇంపీరియల్, 15×11 అంగుళాలు. నీటిరంగులకు 200 జీఎస్ఎం (కాగితం బరువు కొలత) కన్నా పలుచనిది ఉబ్బుతుంది, గుంటల్లో రంగు నిలుస్తుంది. కాగితం అడ్డంగా పెడితే వస్తువుల గుంపు ఏడెనిమిది అంగుళాల ఎత్తు రావాలి. పిల్లలు మధ్యలో చిన్నగా వేసి చుట్టూ ఖాళీ వదులుతారు, తొలి అయిదు నిమిషాల్లోనే ఆ సంగతి చెప్పాలి. గుండ్రటి బ్రష్షులు 4, 8, 12 నంబర్లు చాలు. ఇత్తడికి మెరుపు పడే చోటు తెల్లగా వదిలేసి, మట్టి పసుపు ఎల్లో ఓకర్‌తో పలుచటి పూత, ఆరాక ఎర్రమట్టి రంగు బర్న్ట్ సియెన్నా, చీకటి వైపు ముదురు గోధుమ రంగు బర్న్ట్ అంబర్‌లో అల్ట్రామెరైన్ నీలం కలిపి వేయాలి. నలుపు ట్యూబు పెట్టెలోంచి తీసేయడమే మేలు. నీడలన్నీ నలుపుతో వేస్తే బొమ్మ మసి పూసినట్టుంటుంది.

మా వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. పూత సగంలో ఉండగానే ఆరిపోయి చారలు పడతాయి. ముందు కాగితం తడిపి, రంగు కావలసినదానికి రెట్టింపు కలుపుకుని, పొద్దున్నే కూర్చోవాలి. వానాకాలంలో కష్టం వేరు, మొదటి పూత ఆరకుండానే రెండోది వేస్తే రంగులు బురదవుతాయి. చేతి వెనక వైపు కాగితానికి ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

వేస్తున్నంతసేపూ మాటలు ఏ భాషలో వస్తే ఆ భాషలో సాగనివ్వండి. కల్వంలో ఏం నూరేవారని పిల్లలే అడుగుతారు. అడిగినప్పుడు నాయనమ్మ జవాబు చెప్తే సరిపోతుంది. అడక్కముందే తెలుగు పాఠం మొదలుపెడితే రెండో ఆదివారానికి పిల్లలు ఉండరు.

ఒకటి రెండు బొమ్మలయ్యాక ఫ్రెంచి చిత్రకారుడు గుస్తావ్ కైబోత్ సంగతి చెప్పొచ్చు. 1848లో పారిస్‌లో పుట్టాడు. తండ్రిది సైన్యానికి బట్టా పరుపులూ సరఫరా చేసే వ్యాపారం. 1875లో చెక్కనేల గీకే కూలీలను వేస్తే, ఆ బొమ్మను అక్కడి ప్రభుత్వ ప్రదర్శన తిరస్కరించింది. 1880ల మొదట్లో వరుసగా స్థిరచిత్రాలు వేశాడు. బోస్టన్ మ్యూజియంలో ఉన్న పండ్ల కొట్టు బొమ్మను ఫోన్‌లో చూపించండి. కాగితాల్లో పొదిగిన పండ్లు పటం అంచుల దాకా పేర్చి ఉంటాయి, మన సంతలో బండి ముందు నిలబడితే కనిపించేదీ అదే. షికాగోలో ఉన్న దూడ తల, ఎద్దు నాలుక బొమ్మకు కొందరు పిల్లలు ముఖం చిట్లిస్తారు. అయినా దాచొద్దు.

అతన్ని త్యాగమూర్తిగా చెప్పకండి. బోలెడు ఆస్తి ఉన్నవాడు. చూడాల్సింది దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాడన్నది. మిత్రుడైన చిత్రకారుడు మోనే స్టూడియోకు అద్దె కట్టాడు, ఇంప్రెషనిస్టులనే ఆ మిత్రబృందం 1877లో పెట్టిన ప్రదర్శనకు డబ్బు పెట్టాడు, జనం నవ్విన మిత్రుల బొమ్మలు కొన్నాడు. తమ్ముడు రెనే చనిపోయిన 1876లోనే, 28 ఏళ్ల వయసులో వీలునామా రాశాడు. తన సేకరణ ప్రభుత్వానికి చెందాలి, కానీ అటక మీదికీ పోకూడదు, జిల్లా మ్యూజియానికీ పోకూడదు, ముందు పారిస్‌లోని లక్సెంబర్గ్ మ్యూజియంలో, తర్వాత అక్కడి పెద్ద మ్యూజియం లూవ్రలో వేలాడాలి అన్నది షరతు. 1894లో 45 ఏళ్లకే పోయాడు. వీలునామా అమలు మరో చిత్రకార మిత్రుడు రెన్వార్ మీద పడింది. ఏళ్ల తరబడి బేరాలయ్యాక 70కి దగ్గరగా ఉన్న బొమ్మల్లో 40 వరకే ప్రభుత్వం తీసుకుంది. 1897లో వాటిని ప్రదర్శనకు పెట్టారు, ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉన్నాయి. ఆ కానుకలో తన బొమ్మ ఒక్కటీ చేర్చలేదు. మరాఠీ ఉదాహరణ కావాలంటే సతారా జిల్లా ఔంధ్ రాజు భవాన్‌రావ్ పంత్ ప్రతినిధి ఉన్నాడు, తానూ చిత్రకారుడే, 1938లో మ్యూజియం పెట్టాడు.

ఇందులో పిల్లలు చేయగలిగిన పని ఒకటుంది, తోటివాళ్ల బొమ్మలు మార్చుకుని దాచడం. వెనకవైపు పెన్సిలుతో పేరు, తేదీ, ఊరు రాయాలి. పెన్ను సిరా ముందుకి దిగుతుంది. లామినేషన్ చేయిస్తే వేడికి రంగు దెబ్బతింటుంది, మళ్లీ ఊడదీయలేం. బొమ్మకీ బొమ్మకీ మధ్య బటర్ పేపరు పెట్టి అట్టల మధ్య బల్లపరుపుగా ఉంచండి. వార్తాపత్రిక పెడితే పసుపు మరక దిగుతుంది.

ఏడాది చివర కొన్నిటిని బడికి ఇవ్వాలనుకుంటే ఉత్తరం రెండు ప్రతులు మరాఠీలో రాయండి. ఎన్ని బొమ్మలు, ఎవరివి, ఏ గోడకు, ఎన్నేళ్లు, తీసేస్తే ఎవరికి తిరిగివ్వాలి అన్నీ అందులో ఉండాలి. నోటిమాటగా ఇచ్చినవి స్టోర్‌రూమ్‌లో బెంచీల వెనక్కి చేరతాయి. ఎండ తగిలే వరండా గోడ ఒప్పుకోవద్దు, రెండు వేసవులకే ఎరుపులు వెలిసిపోతాయి. బడి కొన్నే తీసుకుంటే మిగతావి అదే రోజు ఇంటికి తెచ్చుకుని, తీసుకున్నవాటి జాబితా మీద హెడ్‌మాస్టారు సంతకం పెట్టించుకోండి.