కాళ్ళ లెక్క

జులై, శనివారం

కప్పల కాళ్ళు లెక్కపెట్టడానికి పొద్దున ఆరున్నరకల్లా కుంట దగ్గరున్నాను. కాలిఫోర్నియా బే ఏరియా కొండల్లో గొడ్లు నీళ్ళు తాగడానికి తవ్విన కుంట అది. గట్టంతా గిట్టల గుంటలు, పేడ. చుట్టూ గడ్డి ఎండిపోయింది, నీళ్ళలో మాత్రం చిక్కటి పచ్చ పాచి. ఒక కుంట ఫంగస్ ఇంకో కుంటకి అంటుకోకుండా బూట్లకి బ్లీచ్ పట్టించి మరీ దిగానా, పది నిమిషాల్లో ఎడమ బూటు బురదలో ఉండిపోయింది. దాన్ని చేత్తో లాక్కుని సాక్స్‌తో గట్టెక్కాను.

ఇప్పుడు దొరికేవి పసిఫిక్ కోరస్ కప్పలు. తోక ఇంకా పూర్తిగా పోని పిల్లలు, బొటనవేలి గోరంత ఉంటాయి. ఒక్కోదాన్నీ తడిచేతిలో పట్టుకుని ముందు రెండు, వెనక రెండు, ఆపైన వేళ్ళు చూడాలి. 63 పట్టాను, 61 బాగానే ఉన్నాయి. ఒకదానికి కుడి తొడ మొదట్లో ఇంకో కాలుంది. వేళ్ళతో సహా ఉంది కానీ కదలదు, ఈడ్చుకుంటూ పోతోంది. ఇంకోదానికి ఎడమ వెనక కాలు మోకాలి దగ్గరే ఆగిపోయింది. ఆ రెండింటినీ ల్యాబ్‌కి తెచ్చాను.

కాలు ఎక్కువున్నదాన్ని మైక్రోస్కోప్ కింద పెడితే ఎక్కువసేపు వెతకాల్సిన పని పడలేదు. తొడ మొదట్లో చర్మం కింద గసగసాలకన్నా చిన్న తిత్తులు గుంపుగా ఉన్నాయి. రిబెరోయా అనే పరాన్నజీవి పురుగు. డిగ్రీలో ఫాసియోలా (గొర్రెల కాలేయంలో ఉండే పురుగు) జీవితచక్రం బొమ్మ గీసినవాళ్ళకి దీని కథ చెప్పక్కర్లేదు: కొంగ రెట్టలో గుడ్లు, నత్తలో రీడియాలనే పిల్ల దశ, అందులోంచి బయటపడి ఈదే సెర్కేరియాలనే ఇంకో పిల్ల దశ. ఇవి తోకకప్పకి కాలు మొలిచే చోటే దూరి తిత్తి కట్టుకుంటాయి. మొలిచేది కాస్తా దారి తప్పుతుంది. అలాంటి కప్ప గట్టిగా గెంతలేదు, కొంగకి సులువుగా దొరుకుతుంది. మళ్ళీ కొంగ కడుపులోకి చేరాల్సిన పురుక్కి కావలసిందీ అదే.

మధ్యాహ్నం అమ్మ ఫోన్. 'ఏమే, కప్పల కాళ్ళు లెక్కపెట్టడానికా అంత దూరం వెళ్ళింది?' పక్కనుంచి మావయ్య అందుకున్నాడు: 'పురుగు మందులమ్మా, ఇంకేముంటుంది! మా మిరప చేలకి కొట్టే మందు చూస్తే నీకే తెలుస్తుంది.' 1995లో మిన్నెసోటాలో బడిపిల్లలు కుంటలో పట్టిన కప్పల్లో సగానికి కాళ్ళు సరిగ్గా లేవని తేలినప్పుడు అక్కడా చాలామంది ఇదే అన్నారు. మావయ్య మాట సగం నిజం. 2002లో కీసెకర్ అనే ఆయన పెన్సిల్వేనియాలో పొలాల నీళ్ళు చేరే కుంటల్లో తోకకప్పల్ని జాలీ బోనుల్లో పెట్టి చూశాడు. సెర్కేరియాలు దూరలేనంత సన్న జాలీ ఉన్నచోట, మందుల నీళ్ళలో కూడా కాళ్ళు బాగానే వచ్చాయి. దూరగలిగినచోట పాడయ్యాయి, మందులు కలిసిన కుంటల్లో మరీ ఎక్కువ. మందు కప్ప రోగనిరోధక శక్తిని దెబ్బకొడుతుంది, పురుగు పని సులువవుతుంది. ఎరువులదీ దాదాపు ఇదే దారి: పాచి పెరిగితే నత్తలు పెరుగుతాయి, నత్తలు పెరిగితే పురుగులూను. నా కుంటలో ఎరువుల పని పేడ చేస్తోంది. ఇదంతా చెప్పేసరికి మావయ్య 'అదే కదా నేనన్నది' అన్నాడు. సరే అన్నాను.

రెండో కప్పతోనే తంటా. తొడ, కటి, తోక మొదలు అన్నీ వెతికాను. ఒక్క తిత్తీ లేదు. ఎక్కువున్న కాలు తన కథ తనే చెప్తుంది, లేని కాలు ఏం చెప్తుంది? అరగంట కూర్చున్నాక అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున వలలో పాచితోపాటు తూనీగ పిల్లలు చాలానే పడ్డాయి. తూనీగ పిల్ల తోకకప్పని పట్టుకుంటే మొత్తం తినకపోయినా వెనక కాలు కొరికేస్తుంది. ముందు కాళ్ళు మొప్పల మూత లోపలే పెరుగుతాయి కాబట్టి వాటికి ఆ గొడవ లేదు. ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ గోదురు కప్పల మీద ఇది చూపించినవాళ్ళున్నారు. నేనేమో వాటిని లెక్కపెట్టకుండా వల విదిలించి నీళ్ళలో పోసేశాను. ఫారంలో నత్తలకి గడి ఉంది, తూనీగలకి లేదు మరి.

సాయంత్రం తెచ్చిన నత్తల్ని ఒక్కో సీసాలో ఒక్కోటి వేసి దీపం ఆర్పాను. రిబెరోయా సెర్కేరియాలు రాత్రిపూటే బయటికొస్తాయి. ఫారం చివర పెన్నుతో ఇంకో గడి గీసి 'తూనీగ పిల్లలు' అని రాశాను. రేపు మళ్ళీ కుంటకే. బూటు ఇంకా ఆరలేదు.